రెండో కొస

పోయిన వారం ఇన్‌స్పెక్టరమ్మని శిక్షణ తరగతి గుమ్మం దగ్గర వదిలిపెట్టాం. పాఠం మధ్యలో లేచి, సంచి భుజాన వేసుకుని, ఎవరితోనూ ఒక్క ముక్క చెప్పకుండా బయటికి వచ్చేసింది. వృద్ధాశ్రమాలు తనిఖీ చేసే ఉద్యోగులందరికీ మతిమరుపు జబ్బు గురించి నేర్పించాలని పైవాళ్ళు పట్టుబట్టి పెట్టించిన తరగతి అది. పాఠం చెప్పే ముసలి నర్సమ్మ తెర మీద ఒక చేతి బొమ్మ చూపించింది. మణికట్టు చుట్టూ సన్నని ఎర్రని గీత. "పట్టుకుంటే వేళ్ళ గుర్తులు పడతాయి. గుద్దుకుంటే మచ్చ పడుతుంది. ఇలా చుట్టూ గీత పడిందంటే, కట్టారని," అంది నర్సమ్మ. ఆ గీతని ఇన్‌స్పెక్టరమ్మ ఆ పొద్దున్నే చూసింది. ఏ ఆశ్రమంలోనో కాదు. తన ఇంట్లో, తన తల్లి ఎడమ చేతి మీద, పాలగ్లాసు అందిస్తూ.

ఇప్పుడామె బస్సులో ఉంది. కిటికీ పక్కనే కూర్చుంది గాని బయట ఏం కదులుతోందో పట్టలేదు. చెవుల్లో నర్సమ్మ గొంతే తిరుగుతోంది.

మొదటి రోజే నర్సమ్మ వాళ్ళందరినీ కడిగేసింది. "ఇన్నేళ్ళుగా మీరు ఏం చూస్తున్నారు? మంచానికీ మంచానికీ ఎడం ఎంతుంది, బాత్‌రూములో పట్టుకోవడానికి కడ్డీ ఉందా, మందుల బీరువాకి తాళం ఉందా. గోడలకి మార్కులేసి వస్తున్నారు. గోడలకి మతిమరుపు రాదు నాయనా." వెనక వరసలో కునుకు తీస్తున్న సీనియర్ ఇన్‌స్పెక్టరు ఉలిక్కిపడి లేచి, "అవునండీ, గోడలు కూడా చూస్తాం," అన్నాడు. అందరూ నవ్వారు. ఇన్‌స్పెక్టరమ్మ అందరికంటే ఎక్కువ నవ్వింది.

ఈ పొద్దున మాత్రం ఎవరూ నవ్వలేదు. "మాట పోయినవాళ్ళు ఒంటితో మాట్లాడతారు," అంది నర్సమ్మ. "చేతులు దుప్పటి కింద దాచుకునేవాళ్ళని చూడండి. కుర్చీలోంచి లేవమన్నా లేవనివాళ్ళని చూడండి. ఫలానా మనిషి గదిలోకి రాగానే బిగుసుకుపోయేవాళ్ళని చూడండి. 'ముసలావిడ ఏదో అంటూ ఉంటుందిలెండి' అని ఆయాలు చెబితే రాసుకుని వచ్చేస్తారు మీరు. ఆవిడ అప్పటికే మీకు ఫిర్యాదు చేసేసి ఉంటుంది."

చేతులు దుప్పటి కింద దాచుకోవడం. తల్లి అలా చేయడం ఎన్ని వారాలుగా చూస్తోంది ఆమె. చలేస్తోందేమో అనుకుంది. చలేస్తోందని మరో దుప్పటి కూడా కొనుక్కొచ్చింది.

ఇంట్లో ఉండేది నలుగురు. మాటలూ మనుషులూ ఒక్కొక్కటిగా జారిపోతున్న తల్లి. ఉద్యోగం మానాక ఇంటిపట్టునే ఉంటున్న తండ్రి. చీమకి కూడా దారిచ్చి నడిచే నెమ్మదస్తుడు. చెల్లెలు, నలభై దాటినా ఇంట్లో ఆమె చిన్నీయే. భర్త పోయాక పుట్టింటికొచ్చి, దిండు గలేబులు కుట్టి దుకాణానికి ఇస్తూ, తల్లిని కనిపెట్టుకుని ఉంటుంది. నాలుగోది తను. తను సంపాదిస్తుంది, చెల్లెలు సాకుతుంది. ఎవరూ నోరు తెరిచి అనుకోని ఒప్పందం అది. నోరు తెరిచి అనుకోని ఒప్పందాలే గట్టివని ఆమె నమ్మకం.

తండ్రి చేసి ఉంటాడని అనుకోవడానికి కూడా ఆమెకి మనసు రాలేదు. ఇక మిగిలింది చిన్నీ.

ఆమె వృత్తిలో ఒక పద్ధతి ఉంది. ఏ ఆశ్రమానికి వెళ్ళినా ముందుగా కబురు పెట్టదు. కొత్తగా చేరినవాళ్ళకి మొదట నేర్పేది అదే: "చెప్పి వెళ్తే అది తనిఖీ కాదు, చుట్టపుచూపు." ఆ మాట ఎన్నిసార్లు అని ఉంటుందో. బస్సు దిగి తమ వీధిలోకి మళ్ళుతుంటే ఆ మాట తన మీదికే తిరిగింది. పొద్దున్నే వెళ్ళి పొద్దుగూకాక రావడం, గుమ్మంలో గంట కొట్టడం, లోపల సర్దుకునే చప్పుడు వినడం. తన ఇంటికి తాను ఇన్నాళ్ళూ చుట్టపుచూపుగానే వస్తోంది.

ఈసారి గంట కొట్టలేదు. సంచి అడుగున ఎక్కడో ఉన్న తాళంచెవి వెతికి తీసి, తలుపు మెల్లగా తోసింది. చప్పుడవుతుందని గడియ కూడా వేయలేదు. ఆశ్రమాల్లో చేసినట్టే ముందు గాలి పీల్చింది. సబ్బు వాసన, ఇస్త్రీ చేసిన గుడ్డల వాసన. తర్వాత చెవి పెట్టింది. వెనక గదిలో కుట్టు మిషను తిరుగుతోంది. ఇంకే అలికిడీ లేదు. వంక పెట్టడానికేమీ లేని ఇల్లు. అలాంటి ఇళ్ళనే ఎక్కువ అనుమానించాలని కూడా ఆమే నేర్పింది.

ముందు గది తలుపు ఓరగా తెరిచింది.

తెరలు దించి ఉన్నాయి. తండ్రి మంచం మీద గోడ వైపు తిరిగి నిద్రపోతున్నాడు, మెడ దాకా దుప్పటి. మంచాన్ని ఆనించి వేసిన కుర్చీలో తల్లి. ఆ దుప్పటి అంచే ఆవిడ ఒళ్ళోకి కూడా వచ్చి ఉంది. ఆవిడ నిద్రపోవడం లేదు. కూతురు లోపలికి వస్తుంటే కళ్ళు పక్కకి తిప్పి చూసింది, రైల్లో ఎదుటి సీటులోకి వచ్చి కూర్చున్న మనిషిని చూసినట్టు.

ఇన్‌స్పెక్టరమ్మ వంగి దుప్పటి అంచు పైకెత్తింది.

దిండు గలేబుల అంచుకి కుట్టే తెల్లని పట్టీ. చిన్నీ మిషను పక్కన చుట్టలు చుట్టలుగా ఉంటుంది. తల్లి మణికట్టుకి రెండు చుట్లు చుట్టి ముడేసి ఉంది. అక్కణ్ణుంచి దుప్పటి కింద మంచం వైపు సాగిపోయింది. ఎటు పోయిందో ఆమె చూడలేదు. మంచానికి కట్టి ఉంటారు, ఇంకెక్కడికి కడతారు. తన ఉద్యోగంలో మొదటి సూత్రం: ముందు విప్పు, తర్వాత అడుగు.

"ఉండమ్మా. విప్పేస్తున్నా. ఒక్క నిమిషం."

ముడి లొంగలేదు. గోళ్ళతో పట్టి లాగితే ఇంకా బిగిసింది. తల్లి చెయ్యి వెనక్కి గుంజుకుంది. గొంతులోంచి చిన్న మూలుగు. రెండో చెయ్యి వచ్చి కూతురి చేతి మీద పడింది. పాలగ్లాసు కూడా పట్టుకోలేని చెయ్యి. ఇంత బలం ఎక్కడినుంచి వచ్చిందో. కట్టు అలవాటైపోయినవాళ్ళు విప్పబోతే భయపడతారని నర్సమ్మ పొద్దున చెప్పిందే. ఆ మాట గుర్తొచ్చి ఇన్‌స్పెక్టరమ్మకి ఆ స్థితిలోనూ రవ్వంత తృప్తి కలిగింది. నేర్చుకున్నది వెంటనే పనికొచ్చింది. తల్లి వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి, ముడి చుట్టూ తడిమి తడిమి, లోపలెక్కడో దాగిన చిన్న మడత దొరికించుకుని లాగింది. అంత సేపు మొరాయించిన ముడి అంతా ఒక్కసారిగా జారిపోయింది.

తల్లి తన బోడి మణికట్టు వైపు చూస్తూ ఉండిపోయింది. ఇన్‌స్పెక్టరమ్మ ఆవిడ తల నిమిరి, తలుపు దగ్గరగా వేసి వచ్చేసింది. జబ్బు మనిషి ఎదురుగా గొంతులు పెంచకూడదు. అది కూడా పాఠమే.

ఆమె వెనక గది గుమ్మంలోకి రాగానే మిషను ఆగింది. చిన్నీ నోట్లో గుండుసూదులతో తలెత్తి చూసి, వాటిని తీసి డబ్బాలో వేసింది. "ఏంటక్కా ఈ వేళప్పుడు? ఒంట్లో బాలేదా?"

"వంటింట్లోకి రా. తలుపెయ్యి."

"మనింట్లో మనకి తలుపులెందుకు?"

"వెయ్యమన్నాను."

చిన్నీ తలుపేసింది. అక్క మొహం చూసి కుండలోంచి గ్లాసెడు నీళ్ళు ముంచి ఇచ్చింది. "ముందిది తాగు. ఎండన పడి వచ్చావు."

"అమ్మ చేతికి ఎన్నాళ్ళ నుంచి కడుతున్నావు?"

గ్లాసు చాచిన చెయ్యి అలాగే ఆగింది. తర్వాత చిన్నీయే ఆ నీళ్ళు తాగేసి, గ్లాసు బోర్లించి పెట్టింది. "ఓహో. తనిఖీకొచ్చారా మేడమ్‌గారు. కూర్చుని జవాబు చెప్పమంటారా, నిలబడి చెప్పమంటారా?"

"వెటకారం వద్దు. కళ్ళారా చూశాను. నీ మిషను దగ్గరి పట్టీయే."

"పట్టీ నాదే. ఈ ఇంట్లో గుడ్డ అనేదంతా నాదే. నువ్వు తలకింద పెట్టుకునే గలేబు కూడా నాదే. అయితే?"

"చూడు, నీకు పని ఎక్కువైందని నాకు తెలుసు. అమ్మ లేచి ఎక్కడ పడిపోతుందోనని భయం వేసి ఉంటుంది. నేనేమీ అనను. జరిగింది జరిగినట్టు చెప్పు."

"ఆ గొంతు నా దగ్గర వాడకక్కా." చిన్నీ గొంతు తగ్గింది, పదునెక్కింది. "ఆయాల దగ్గర వాడతావే, మెత్తగా, బెల్లం పూసిన కత్తిలాగా. అది నాకొద్దు. తిట్టదలుచుకుంటే తిట్టు. పొద్దున నువ్వెళ్ళేసరికి అమ్మకి తల దువ్వి ఉంటుంది. సాయంత్రం నువ్వొచ్చేసరికి మొహం కడిగి ఉంటుంది. ఆ రెంటికీ మధ్య పగలని ఒకటుంటుంది. దాన్ని నువ్వెప్పుడైనా చూశావా?"

"అందుకే ఇవాళ వచ్చాను."

"వచ్చావు. మొదటిసారి. సంతోషం."

కుళాయి చివర నీటిబొట్టు పెరిగి, ఊగి, రాలింది.

"నేను కట్టలేదు," అంది చిన్నీ.

"మరెవరు కట్టారు? గోడలా?"

చిన్నీ కిటికీ వైపు తిరిగి, ఆరేసిన గుడ్డని తీసి మడత పెట్టింది. మడత పెట్టిందాన్ని విప్పి ఇంకోసారి పెట్టింది. ఆమె భుజాలు చూసి ఇన్‌స్పెక్టరమ్మకి అర్థమైంది.

"నాన్నా?"

ఔననలేదు, కాదనలేదు. ఎదుటివాళ్ళు అలా ఊరుకున్నప్పుడు దాన్ని ఎలా అర్థం చేసుకోవాలో ఇన్‌స్పెక్టరమ్మకి బాగా తెలుసు. అదే ఆమెకి అన్నం పెట్టే విద్య. ఉన్నచోటే పీట మీద కూలబడింది.

కట్టిన మనిషినీ కట్టులో ఉన్న మనిషినీ ఒకే కప్పు కింద ఉంచకూడదన్నది ఆమె కొలువు నియమం. అది ఎవరి మొహమూ చూడదు. ఒకసారి ఒక ఆశ్రమంలో, భార్యని గదిలో పెట్టి గొళ్ళెం పెడుతున్నాడని ఒక ముసలాయన్ని వేరే ఆశ్రమానికి పంపించింది. సరైన పనే. అందరూ మెచ్చుకున్నారు. వ్యాను బయల్దేరేటప్పుడు ఆయన అద్దానికి ముక్కు ఆనించి వెతికాడు. ఆవిడేమో లోపల బఠాణీలు వలుస్తూ, వలిచిన వాటిలో సగం పక్కనున్న ఖాళీ కుర్చీ ముందు పెడుతోంది. ఇన్‌స్పెక్టరమ్మ ఆ రోజు మధ్యాహ్నం అన్నం తినలేకపోయింది. మళ్ళీ మర్నాడు తింది. ఎవరైనా అంతే కదా.

"నాన్నని కొన్నాళ్ళు వేరేచోట ఉంచాలి," అంది చివరికి. తన మాట తనకే పరాయిగా వినబడింది. "నాకు తెలిసిన మంచి చోటు ఉంది. నేను దగ్గరుండి..."

"ఇదిగో. ఇదే." చిన్నీ గిర్రున తిరిగింది. "ఇందుకే నీకు చెప్పలేదు. నీకు చెబితే మనిషిని రిపోర్టులో రాసేస్తావని. నువ్వు కలం తీస్తే నాన్నయినా ఒకటే, దారినపోయే దానయ్యయినా ఒకటే."

"చెప్పకపోవడమేంటి? ఏం చెప్పలేదు నువ్వు?"

చిన్నీ వచ్చి ఆమె ఎదురుగా నేల మీద చతికిలబడింది. చిన్నప్పుడు దెబ్బలు తిన్నాక కూర్చునే తీరే.

"నాన్న రోజూ పేపరు చదువుతాడా?"

"చదువుతాడు. ఇవాళ కూడా చదివాడు."

"పట్టుకుంటాడు. పేజీ తిప్పుతాడా? ఎప్పుడైనా చూశావా?"

ఇన్‌స్పెక్టరమ్మకి పేపరు పట్టుకున్న చేతులు తప్ప ఇంకేమీ గుర్తు రాలేదు.

"పోయిన నెల అమ్మ మందులు తెస్తానని వెళ్ళాడు. ఎంతకీ రాలేదు. వెతుక్కుంటూ పోతే మందుల షాపు దాటి, లాండ్రీ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడక్కా. చొక్కా సర్దుకున్నాడు. 'అమ్మా, మీరు ఈ వీధిలోవాళ్ళేనా? మా ఇల్లు ఇక్కడే ఉండాలి, కనబడటం లేదు' అన్నాడు. మీరు అన్నాడు నన్ను." చిన్నీ అరచేత్తో ముక్కు తుడుచుకుంది. "నేను కూడా 'రండి బాబుగారూ, చూపిస్తాను' అన్నాను. ఏమనాలి మరి? దారి పొడుగునా నాకు మన గురించే చెప్పుకొచ్చాడు. పెద్దమ్మాయి పెద్ద ఉద్యోగం చేస్తుందట. చిన్నదానికి కోపం ఎక్కువట."

"నాన్నకి..."

"నాన్నకే. అమ్మది చూసి చూసి మన కళ్ళు ఆమె మీదే ఉండిపోయాయి. పక్కనున్న మనిషి సద్దు లేకుండా పోతుంటే ఎవరమూ చూడలేదు. ఎవరు చూశారో తెలుసా? అమ్మ."

ఇన్‌స్పెక్టరమ్మ పీట ముందుకి జరుపుకుంది.

"మధ్యాహ్నం నాన్న నడుం వాల్చగానే అమ్మ చెయ్యి చాపుతుంది. పట్టీ ఇచ్చేదాకా ఊరుకోదు. ఒక కొస తన చేతికి కట్టుకుంటుంది. రెండో కొస ఆయన చేతికి కడుతుంది. మొదటి రోజు నేనూ విప్పబోయాను. చెయ్యి మీద ఛెళ్ళున కొట్టింది. సరే, ఏం చేస్తుందో చూద్దామని కూర్చున్నా. కాసేపటికి ఆయన లేచి ఎటో బయల్దేరబోయాడు. ఆవిడ లాగింది. ఆయన ఆగి, ఆవిడ వైపు చూసి, మళ్ళీ పడుకున్నాడు. నేను ఎంత మొత్తుకున్నా వినని మనిషి, ఆ గుడ్డముక్కకి వింటాడక్కా."

"అయితే అమ్మ చేతి మీద గీత..."

"ఆయన విదిలిస్తే ఆవిడకి కోసుకుంటుంది. ఆయన చేతి మీద గీత ఉండదు. ఎందుకంటే ఆయనకి చొక్కా చేతి మీదుగా కడుతుంది. తనకి ఒంటి మీదే." చిన్నీ నవ్వబోయింది గాని నవ్వు రాలేదు. "నీ పేరు తెలీదు, నా పేరు తెలీదు, తన పేరే తెలీదు. ఆయనకి నొప్పి పుట్టకూడదని మాత్రం తెలుసు. ముడి చూస్తేనైనా పోల్చుకోవాల్సింది నువ్వు. నూలు మిల్లులో పని చేసిన అన్నేళ్ళూ అమ్మ నూలు మూటలకి వేసిన ముడి అది. నాకు రాదు, నీకూ రాదు. మనకి నేర్పబోతే నువ్వు పరీక్షలున్నాయన్నావు, నేను నిద్రొస్తుందన్నాను."

ఇన్‌స్పెక్టరమ్మ తన గోళ్ళ వైపు చూసుకుంది. బొటనవేలి గోరు చివర తెల్లని నూలు పోగు ఇరుక్కుని ఉంది. తల్లి తన చేతి మీద చెయ్యి వేసి ఎంత గట్టిగా నొక్కిందో ఇప్పుడు తెలిసొచ్చింది. భయంతో కాదు. వద్దని చెప్పింది. నోరు లేని మనిషి ఎంత స్పష్టంగా చెప్పగలదో అంత స్పష్టంగానూ చెప్పింది.

"ఆయన లేచే వేళ ఇంకా కాలేదులే," అంటోంది చిన్నీ. "అన్నీ నీకు చెప్పేశాను. ఇక నీ ఇష్టం. రాస్తావో, చింపుతావో. కాని ఆ ఇద్దరినీ విడదీయాలనుకుంటే మాత్రం ముందు నన్ను... ఏంటక్కా అలా చూస్తావు?"

"విప్పేశాను."

"ఏంటి?"

"ముడి. నేను వచ్చీరాగానే విప్పేశాను."

చిన్నీ అప్పటికే లేచింది. ఇద్దరూ ఒకేసారి తలుపు దగ్గరికి వచ్చి ఒకరికొకరు అడ్డంపడ్డారు.

ముందు గదిలో మంచం ఖాళీగా ఉంది. దుప్పటి నేల మీద జారిపడి ఉంది. వీధి తలుపు బార్లా తీసి ఉంది. గడియ వేయనిది ఎవరో ఇన్‌స్పెక్టరమ్మకి ఎవరూ చెప్పనక్కరలేదు. తెల్లని పట్టీ మంచం మీదా లేదు, నేల మీదా లేదు.

తల్లి కుర్చీ అంచుకి జరిగి కూర్చుని ఉంది. ఎడమ చెయ్యి గాలిలోకి చాచి, ఏమీ లేనిదాన్ని పట్టుకుని మెల్లమెల్లగా దగ్గరికి లాక్కుంటోంది. ఇద్దరు కూతుళ్ళ మొహాలూ మార్చి మార్చి చూసింది. నెలల తరబడి ఒక్క మాట కూడా సరిగా రాని నోట్లోంచి, ఎవరింట్లోనైనా ఏ ఇల్లాలైనా అడిగినట్టుగా, మామూలుగా వచ్చింది మాట.

"ఏరీ?"

చిన్నీ ఆవిడ ముందు మోకాళ్ళ మీద కూర్చుండిపోయింది. "నువ్వెళ్ళక్కా. నేను అమ్మని వదిలి రాలేను. పరిగెత్తు."

మెట్లు ఎలా దిగిందో ఆమెకి తెలీదు. వీధిలో పడ్డాక కుడికా, ఎడమకా అని కాళ్ళు ఆగిపోయాయి. ఊళ్ళో ఆశ్రమాలన్నిటికీ దారులు తెలిసిన మనిషికి తన తండ్రి ఏ వైపు నడుస్తాడో తెలియలేదు. మందుల షాపులో చూసింది. లాండ్రీ మెట్ల మీద చూసింది. కుళాయి దగ్గర ఆడవాళ్ళని అడిగింది. బస్టాపు పక్కన గొడుగు కింద చెప్పులు కుట్టే పెద్దాయన తనంతట తనే తలెత్తి పలకరించాడు.

"మీ నాన్నగారి కోసమాండీ? ఇప్పుడే బస్సెక్కారమ్మా. అదిగో, ఆ మలుపు తిరుగుతోందే, అదే."

"ఏ బస్సు? ఎక్కడికి పోయేది అది?"

"నంబరు చూడలేదమ్మా. నేను ఆయన చేతివంకే చూస్తున్నా. చేతికేదో తెల్లగుడ్డ వేలాడుతుంటే దెబ్బ తగిలిందేమో అనుకున్నా. దెబ్బ కాదు." పెద్దాయన చేతిలోని తోలు కుట్టే ఆర పక్కన పెట్టాడు. చెప్పాలా వద్దా అన్నట్టు ఒక క్షణం ఆమె మొహం చూశాడు. "మెట్టు మీద నిలబడి, ఆ గుడ్డ కొస పట్టుకుని, వెనక్కి తిరిగి 'మెల్లిగా ఎక్కు, నేను పట్టుకున్నాలే' అంటున్నారు. వెనకెవరూ లేరమ్మా. కండక్టరు లోపలికి రమ్మంటే, రెండు టికెట్లు ఇమ్మని అడుగుతున్నారు."